మెట్ల మలుపులో సాకెట్టు

"మీరు చెప్పిన ప్రతి మాటా ఇంట్లో చెబుతూనే ఉన్నాను. నా కూతురి చెవికి ఒక్కటీ ఎక్కదు. లోపం ఎక్కడుందో తేల్చండి" అని ఆ ఆదివారం గీతాపాఠం మధ్యలోనే కోదండపాణి గురువు సోమయాజులు గారిని నిలదీశాడు. తెనాలిలో ఆ పాఠానికి వచ్చేవాళ్లలో శాంతి గురించి అతనంత గట్టిగా మాట్లాడేవాడు లేడు.

గురువు పుస్తకం మూసి, "మీ ఇంటికి వెళ్దాం పద" అన్నారు.

వాళ్లు వెళ్లేసరికి పై గదిలో కూతురు నీలవేణి సూట్‌కేసు సర్దుకుంటోంది. ఆ గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పడం ఆమె ఉద్యోగం. వైఫై కింద హాల్లో ఉంది, సిగ్నల్ పైదాకా రాదు. పాఠాలు మధ్యలో తెగిపోతే ఇక ఉద్యోగం ఉండదని కంపెనీ చెప్పేసింది. అందుకే సాయంత్రానికి హాస్టల్‌కు మారిపోతానంటోంది.

"చూశారా పొగరు!" కోదండపాణి గుమ్మంలోనే అరిచాడు. "సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టె కొన్నాను. దీని బల్ల పక్కనే పెట్టించాను. అయినా పనిచెయ్యదు. ఆ కొట్టువాడు దొంగ, ఇది మొండిఘటం!"

గురువు అతనివైపు చూడలేదు. "నువ్వు ఎక్కడ పెట్టమన్నావమ్మా?"

"మెట్ల మలుపులో, తాతగారూ." ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "అక్కడిదాకా సిగ్నల్ బాగానే వస్తుంది. అక్కడ అందుకుంటే పైకి పంపుతుంది. ఎన్నిసార్లు చెప్పానో నాన్ననే అడగండి."

"అక్కడున్నది ఒక్కటే సాకెట్టు! దానికి నా సన్మానం ఫోటో లైటుంది!"

గురువు పెట్టె తీసుకుని మలుపుదాకా దిగారు. ఒక్క ఊపులో లైటు ప్లగ్గు పీకేశారు. ఫోటోలో శాలువా కప్పుకున్న కోదండపాణి గోడమీద చీకట్లో కలిసిపోయాడు. అదే సాకెట్టులో పెట్టెను బిగించారు. కాసేపటికి దాని ఎర్రదీపం పచ్చగా మారింది. పైన నీలవేణి లాప్‌టాప్ తెరిచింది. సూట్‌కేసు జిప్పు సగంలోనే ఆగింది.

కోదండపాణి కోపం మాత్రం దిగలేదు. "పెట్టె సంగతి సరే. నేనడిగినదానికి జవాబేదీ?"

గురువు చేతికంటిన దుమ్ము దులుపుకున్నారు. "ఇందాకటిదాకా ఇది ఆ అమ్మాయి పక్కనే ఉంది పాణీ. దీనికే ఏమీ అందలేదు. ఎర్రగా వెలగడం మాత్రం మానలేదు."