ఆఖరి బంతిలో నెయ్యి

డాక్టరు రంగనాయకులుగారికి ఒక అలవాటుంది. శిష్యులు అడిగిన ప్రశ్నకి వార్డులో జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు. ఆ చూడటం ఒక్కోసారి మర్నాడే అవుతుంది, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. కాకినాడలో ఆయన దగ్గర పని నేర్చుకున్న మూడేళ్ళలో నేనడిగిన ప్రశ్నలు సగం ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. నాతోపాటు నేర్చుకున్న మృదుల అదృష్టవంతురాలు. ఆమెకి నాలుగు రోజుల్లోనే జవాబు దొరికింది.

ఆమె అడిగింది ఇది. "సార్, లావు తగ్గాలని వచ్చినవాళ్ళకి కొవ్వుని అడ్డుకునే మాత్ర రాస్తున్నాం. భోజనంతో వేసుకుంటే, తిన్న కొవ్వులో మూడో వంతు దాకా అరగకుండా బయటికి పోతుంది. మిగతా రెండు వంతులూ ఒంటికి పడుతూనే ఉంటాయి కదా. ఇంతోటి సాయం ఏం సాయం? ఊరికే ధైర్యం చెప్పి పంపించడం కాదా?"

గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. ఆయన విని, "ఆదివారం ఒక పెళ్ళి భోజనానికి వెళ్తున్నాను, నువ్వూ రా అమ్మా" అన్నారు. నన్నెవరూ పిలవలేదు. భోజనమన్నాక పిలవాలా, నేనూ బయల్దేరాను.

మమ్మల్ని ఆయన మండపంలోకి కాక వెనక గాడిపొయ్యి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ పేరిశాస్త్రిగారు వండుతున్నారు. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకి వండుతున్న చెయ్యి అది. నైవేద్యం కాకముందు మెతుకు కూడా నోట పెట్టరు. ఉప్పు చాలిందో లేదో ఆవిరి వాసన పట్టి చెప్పేస్తారు. నేను చూస్తుండగానే పప్పు గుండిగ మీదికి వంగి, "చారెడు పడాలి" అన్నారు. చారెడు పడింది. తరవాత తిన్నాను కనుక చెబుతున్నాను, చిటికెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అంత నిగ్రహం ఉన్న మనిషి కూడా, వడ్డనలన్నీ అయ్యాక ఆఖరి బంతిలో కూర్చుంటే, చేతికింద వాళ్ళు భక్తికొద్దీ నేతి జారీ వంచేసేవారట. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఆయన, ఆయన తింటున్నారు కదా అని వాళ్ళు. అలా అలా నూట ఎనిమిది కిలోలయ్యారు. అష్టోత్తరం పూర్తయిందని ఆయనే నవ్వుతారు. కానీ మోకాళ్ళు మాట వినడం మానేశాయి. గాడిపొయ్యి నేలలో గాడి తవ్వి పెట్టేది, వంగి లేవలేనివాడు ఆ పని చేయలేడు. పోయిన మాఘంలో ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటే తప్ప లేవలేకపోయారు. గరిటె ఎవరికో అప్పగించి ఇంట్లో కూర్చోవడమే మిగిలిందని ఏడుస్తూ డాక్టరుగారి దగ్గరికి వచ్చారు.

మిగతాది ఆఖరి బంతిలో మా పక్కన కూర్చుని ఆయనే చెప్పారు.

"డాక్టరుగారు భోజనానికి ఒక మాత్ర అన్నారమ్మా, నూనే నెయ్యీ తగ్గించాలి అని కూడా అన్నారు. మొదటి మాట విన్నాను, రెండోది వదిలేశాను. ఆ వారమే పెద్ద పెళ్ళి తగిలింది. నెయ్యి రెట్టింపు పడుతుంది కదా అని మాత్రా రెట్టింపు చేశాను. వందమందికి ఇంత పోపయితే రెండొందలమందికి అంత. వంటవాడి బుర్ర మరి!"

"అప్పుడేమైందండీ?" అంది మృదుల, తెలిసి తెలిసీ.

"మర్నాడు వ్రతం భోజనాల్లో బంతి మధ్యలో లేచిపోయానమ్మా."

ఆ ఒక్క మాటతో ఆపేశారు. పక్కవాళ్ళ భోజనం అయ్యేదాకా విస్తరి ముందునుంచి ఎవరూ లేవని బంతి అది. నలభై ఏళ్ళలో ఆయనెప్పుడూ లేవలేదు. ఆ రోజు అరగని నెయ్యి ఆపుకోలేకుండా జారిపోయి, పట్టుపంచె వెనక నూనె మరకతో, ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, పెరటి దారిన ఇంటికి వెళ్ళారు.

"డాక్టరుగారు తిట్టలేదు. 'రెండు వేసుకుంటే రెండింతలు పనిచెయ్యదండీ, ఒకటే వేసుకోండి. మీరేం తిన్నారో అదే మీకు చూపిస్తుంది' అన్నారు. చూపిస్తోందమ్మా. వేపుడులో ఎంతుందో, పోపులో ఎంతుందో... ఇన్నేళ్ళూ పోసినవాణ్ణి, నాకే తెలీదు."

ఇంతలో ఆయన పెద్ద శిష్యుడు సోమన్న నేతి జారీతో వచ్చాడు. పేరిశాస్త్రిగారు పొద్దున్న స్వయంగా కాచిన నెయ్యి. ఆ వాసనకి నేను సిగ్గు విడిచి రెండోసారి కూడా పోయించుకున్నాను. ఆయన విస్తరి దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి అన్నం మీద అడ్డంగా పరుచుకుంది. మాట ఆగలేదు, తల ఎత్తలేదు. సోమన్న చిన్నబుచ్చుకోనూ లేదు. వేళ్ళ సందున ఒక్క చుక్క వేసి ముందుకి నడిచాడు. ఆయన బొడ్లోంచి మాత్ర తీసి నీళ్ళతో మింగి, మజ్జిగ పొయ్యమన్నారు. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు.

బంతి లేచింది. అలవాటు ప్రకారం సోమన్నా ఇంకొకతనూ రెక్కలు పట్టుకోవడానికి వచ్చారు. "ఉండండర్రా" అన్నారు పేరిశాస్త్రిగారు. ఎడమచెయ్యి నేలకి ఆనించి, ఒకసారి ఆగి, తనంతట తనే లేచి నిలబడ్డారు. ఎవరివైపూ చూడకుండా, సాయంత్రానికి కూరలు తరిగారో లేదో కనుక్కోవడానికి వెళ్ళిపోయారు.

చేతులు కడుక్కుంటూ మృదుల మెల్లగా అడిగింది. "ఎంత తగ్గారు సార్?"

"ఆరు నెలల్లో పది కిలోలు."

"అందులో మాత్ర వల్ల ఎంత సార్?"

డాక్టరుగారు తువాలుతో చేతులు తుడుచుకుంటూ అన్నారు. "మాత్రది మూడో వంతని నువ్వే చెప్పావు కదమ్మా. ఆ అడ్డం పెట్టిన చెయ్యి ఎన్నో వంతో, అదెక్కణ్ణించి వచ్చిందో... చూసి నువ్వే నాకు చెప్పు."