ఈతచెట్టు నేసుకున్న గొంగళి

ఒకప్పుడు, సముద్రం ఒడ్డు దాటి ఈతచెట్లు ఎక్కడా లేని రోజుల్లో, ఈతచెట్టు ఒళ్ళు నున్నగా ఉండేది. ఎండిన మట్టను ఎప్పటికప్పుడు వదిలేసి, అప్పుడే తానమాడి వచ్చినదానిలా నిలబడేది. వెచ్చటి ఇసుకలో దానికి చలి అంటే ఏమిటో తెలియదు.

ఒక ఏడు కొండమీది పండమ్మవ్వ ఉప్పు కోసం ఒడ్డుకు దిగింది. మోకాలెత్తు ఈతమొక్క ఒకటి గాలికి ఊగుతూ కనిపించింది. అవ్వకు ముద్దొచ్చింది. వేళ్ళ చుట్టూ ఉన్న ఇసుకతో సహా పెకిలించి, బుట్టలో పెట్టుకుని కొండెక్కింది. గుడిసె వెనక చాప పరిచినంత పెరడు. అక్కడ చిక్కుడుపాదు పక్కన నాటింది.

పొరుగింటి లచ్చిమి దడి మీంచి చూసి నవ్వింది. "ఏమే పండమ్మా, రేపు సముద్రాన్ని కూడా బుట్టలో తెస్తావా?"

"తెద్దును గానీ, పెరట్లో పట్టదు కదే!"

పుష్యమాసం వచ్చింది. తెల్లటి పాదాలతో, చప్పుడు లేకుండా, చలి కొండ కొన మీంచి దిగింది. చిక్కుడాకుల మీద నడిస్తే ఆకులు నల్లబడ్డాయి. ఈత దగ్గర ఆగింది.

"కొత్తదానివా? నీ మొవ్వు ఎక్కడే?"

మొవ్వంటే నడినెత్తిన మొలిచే లేత చిగురు. ఈతకు ఉండేది అదొక్కటే. అది పోతే చెట్టు పోయినట్టే.

"ఇక్కడే," అంది ఈత వణుకుతూ. పాపం, అబద్ధమాడటం రాదు.

"రేపు తెల్లారేలోగా వచ్చి ముద్దుపెట్టి పోతాలే."

సాయంత్రం అవ్వ వచ్చి చూసింది. ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి. "అయ్యో నా తల్లీ!" అంటూ ఇంట్లో ఉన్న ఒక్క గొంగళీ తెచ్చి, మొవ్వు చుట్టూ చుట్టి, నారతో కట్టింది.

"మరి నువ్వేం కప్పుకుంటావే పిచ్చిదానా?" అంది లచ్చిమి.

"పొయ్యి లేదూ?"

తెల్లారగట్ట చలి వచ్చింది. ముద్దు పెట్టబోతే మూతికి ఉన్ని తగిలింది. "ఛీ, గొర్రె కంపు!" అని వెళ్ళిపోయింది. ఎన్ని రోజులొచ్చినా అంతే.

ఒకరోజు వెళుతూ వెళుతూ గుడిసె వైపు చెవి పెట్టింది. లోపల అవ్వ ఖళ్ళుఖళ్ళున దగ్గుతోంది. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

"నువ్వు దొరక్కపోతేనేం? ముసలమ్మ దొరికింది," అని నవ్వింది చలి.

ఏం చెయ్యను, ఏం చెయ్యను అనుకుంటూ ఈత తన చుట్టూ ఉన్న గొంగళిని తడిమింది. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి. ఓహో, ఇంతేనా!

ఆ రోజు ఎండిన మట్టను అది వదల్లేదు. గట్టిగా పట్టుకుని, మట్ట మొదట్లోంచి సన్నటి పీచు లాగింది. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి.

అవ్వ కొడవలి పట్టుకుని వచ్చింది. ఎండుమట్ట కనిపిస్తే కోసేయందే ఆమెకు తోచదు.

"కొయ్యకవ్వా! అది నా మగ్గం."

"మాసిపోయినదానిలా కనబడతావే!"

"కనబడనీ."

వారం తిరిగింది. "ఇక నీ గొంగళి నువ్వు కప్పుకో అవ్వా," అంది ఈత. అవ్వ నార విప్పింది. గొంగళి కింద ఇంకో గొంగళి! మట్టిరంగుది, పలచటిది, మొవ్వును పసిబిడ్డలా చుట్టుకుని ఉంది.

మర్నాడు చలి వచ్చి అటు తడిమింది, ఇటు తడిమింది. మట్ట మొదళ్ళు గీరుకున్నాయి. పీచు మూతికి అడ్డం పడింది. గుడిసెలోకి పోతే అక్కడా గొంగళే. విసుక్కుంటూ కొండ కొనకే ఎక్కిపోయింది. అవ్వకు మాత్రం పొద్దెక్కేదాకా మెలకువ రాలేదు. ఇన్నాళ్ళూ ఈతను చుట్టుకున్న ఆ గొంగళిలో ఎక్కడో సముద్రం హోరు సన్నగా వినిపిస్తూనే ఉందట.

అప్పటినుంచే ఈతచెట్టు ఎండిన మట్టల మొదళ్ళను వదలదు. మొవ్వు చుట్టూ పీచుగుడ్డ నేసుకునే ఉంటుంది. కావాలంటే దగ్గరికెళ్ళి చూడండి: ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి.