పంక్తిలో పెద్ద

అది మాఘ శుద్ధ ద్వాదశి, గురువారం, పొద్దెక్కి మూడు ఘడియలు. ఒకానొక రాజ్యంలో రాజుగారికి ఆకలి దంచేస్తోంది. ముందురోజు ఏకాదశి ఉపవాసం మరి. స్వామికి నైవేద్యం అయితేగాని పారణ లేదు.

ఆ రాజు చండవిక్రముడు. సప్తసముద్ర మార్తాండుడని బిరుదు. ఆయన కళ్ళారా చూసిన నీళ్ళు మాత్రం కోట వెనక కుంటలోవే. ఆయనకొక సరదా ఉండేది. పంక్తిలో పెద్ద లేస్తే అందరూ లేవాలన్న ఆచారం ఉంది కదా? ముందే లోపల కడుపునిండా తిని వచ్చి, విస్తళ్ళలో పెరుగు పడగానే తటాలున లేచేవాడు. జనం కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి లేచేవారు. ఆ ముఖాలు చూసి ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు.

ఆస్థాన కథకుడు ఓబళయ్య తండ్రి రాఘవయ్యకు పళ్ళు లేవు. ఆ వయసులో ఆయనకు సయించేది పెరుగన్నం ఒక్కటే. మొన్న రథసప్తమి విందులో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ముసలాయన ఇంటికొచ్చి ఒక్క మాటైనా అనకుండా పడుకున్నాడు. ఓబళయ్యకు ఆ మౌనం ముల్లులా గుచ్చుకుంది.

నైవేద్యం ఆలస్యమవుతుంటే రాజు చిరాకు కథకుడి మీద పడింది.

"ఏమయ్యా ఓబళయ్యా! నీ కథలో రాక్షసుడు ఏడూళ్ళు తగలబెట్టాడు. జనం వాణ్ణి తిట్టడం మాని ఎడ్లకు వాడి పేరు పెట్టుకుంటున్నారు! వినేవాళ్ళు ఛీ కొట్టే దుర్మార్గుణ్ణి ఇప్పుడే చెప్పు. లేదా, నేనిచ్చిన ఇల్లు రేపే ఖాళీ చెయ్యి."

"చిత్తం ప్రభూ" అని ఓబళయ్య మొదలుపెట్టాడు.

"ఒక అడవిలో ఊటబావి. దాని పక్కన ఒకడు కూర్చునేవాడు. ఎవరినీ చంపలేదు, దేన్నీ కాల్చలేదు. ఎండనపడి వచ్చినవాడు దోసిట నీళ్ళు పట్టి పెదవులదాకా తెచ్చుకునేసరికి, మోచెయ్యి తట్టేవాడు. అంతే. నీళ్ళు నేలపాలు. నిన్న తట్టాడు, ఇవాళ తట్టాడు. ఒకనాడు ఓ పండు ముసలిది వచ్చి..."

"దాన్నీ తట్టాడా?" అన్నాడు వంటవాడు, గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి.

"మూడుసార్లు."

"ఛీ! వాడి చెయ్యి విరిచెయ్యండి!" రాజు సింహాసనం మీంచి లేచిపోయాడు. తర్వాత తనకే ఆశ్చర్యం వేసింది. "ఏడూళ్ళు కాల్చినవాడి మీద రాని కోపం వీడి మీద వచ్చిందేమయ్యా?"

"ఊళ్ళు కాల్చినవాణ్ణి మనమెవరమూ చూడలేదు ప్రభూ. మోచెయ్యి తట్టేవాణ్ణి అందరం ఎరుగుదుం. పైగా వాడికి రాజ్యం కావాలి. వీడికి నీళ్ళు కూడా అక్కర్లేదు, ఎదుటివాడి ముఖం వాడిపోతే చాలు."

"బాగుంది! వాడి పేరేమిటి?"

"భోజనాల దగ్గర మనవి చేస్తాను."

పారణనాడు ఉత్సవమూర్తిని పంక్తి మొదట వేంచేపు చెయ్యడం ఆ కోటలో రివాజు. ఓబళయ్య వెళ్ళి అర్చకులు అప్పళాచార్యుల చెవిలో ఏదో చెప్పాడు.

విస్తళ్ళు పడ్డాయి. అవిసాకు కూర, పెసరపప్పు, కమ్మటి నెయ్యి. ఈసారి రాజుగారు నిజంగా ఆకలి మీదున్నారు. మొదటి ముద్ద కలిపి నోటిదాకా తెచ్చుకున్నారు.

అప్పళాచార్యులు స్వామిని ఎత్తుకుని లేచి నిలబడ్డాడు.

పంక్తంతా లేచింది. ఒక్క రాజే కూర్చున్నాడు.

"ప్రభూ, పంక్తిలో పెద్దాయన లేచారు" అన్నాడు ఓబళయ్య మెల్లగా.

రాజు చేతిలోని ముద్దను చూశాడు. పంక్తి చివర నిలబడ్డ రాఘవయ్యను చూశాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఓబళయ్యా, వాడికి నా పేరు పెట్టావా?"

"లేదు ప్రభూ. తమ బిరుదులన్నీ పెడితే కథలో చోటు చాలదు."

రాజు చేతిలోని ముద్దను విస్తట్లో పెట్టేశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు. "మళ్ళీ విస్తళ్ళు వెయ్యండి! ఇకమీదట రాఘవయ్యగారు లేచేదాకా పంక్తిలో ఎవరూ లేవకూడదు, నేనూ లేవను. ఇల్లు నీదే పో. సాయంత్రానికి ఒక పాడి ఆవును తోలిస్తాను."

ఆ సాయంత్రం పితికిన పాలు కాచి ఓబళయ్య భార్య తోడు పెట్టింది. మర్నాడు పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, అందరికీ విస్తళ్ళు వేసి, మామగారికి పెరుగన్నం వడ్డించింది. ఆయన నెమ్మదిగా తిన్నాడు, మారు అడిగి తిన్నాడు, వేళ్ళు నాక్కున్నాడు. అంతసేపూ ఇంట్లో ఒక్కరూ విస్తరి ముందునుంచి లేవలేదు.