తిప్పమ్మ కట్టిన సద్ది

అనగనగా, ఈ కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. కనుమ మొదట్లో ఒకటే గుడిసె. ఆ గుడిసెలో తిప్పమ్మ ఒక్కతే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తిన్నావా అని అడిగే దిక్కు లేదు పాపం.

కనుమ దాటాలంటే ఎడ్లబండికి రెండు రోజులు. దారిలో ఊరు లేదు, వండుకుందామంటే నీళ్ళు లేవు. అందుకని నెలకోసారి వచ్చే ఉప్పు బండ్లవాళ్ళు బియ్యమిచ్చి, తిప్పమ్మ చేత సద్ది కట్టించుకునేవాళ్ళు. ఆమె చింతపండు పులుసు కలిపి, అన్నం గుడ్డమీద పరిచేది. మోదుగాకులు తుడిచి పెట్టుకునేది. మూట మాత్రం వెంటనే కట్టేది కాదు.

"ఆరనియ్యండి నాయనా. వేడిమీద కడితే ఆకు చెమర్చి అన్నం పాచిపోతుంది."

ఆరేదాకా ఏం చేస్తారు? కూర్చునేవాళ్ళు. ఇంటికాడ సంగతులేంటని ఒక్కొక్కరినీ అడిగేది. మళ్ళీ నెల దాకా ఆమె చెవిన పడే మనిషి మాట అంతే మరి.

ఒకసారి బండ్ల పెద్ద భైరన్న నవ్వాడు. "అన్నం ఎప్పుడో ఆరింది, అవ్వకే మాటలు తీరలేదు!" తిప్పమ్మ కూడా నవ్వేసింది.

రెండోసారి విసుక్కున్నాడు. "ముసలిదానికి మాటల యావ. ఆరబెట్టడం వట్టి సాకు" అని పక్కవాడితో అన్నాడు. తిప్పమ్మ వింది. మనసు కలుక్కుమంది. అబద్ధమైతే కొట్టిపారేసేది. సగం నిజమాయె!

మూడోసారి మబ్బు పట్టింది. ఉప్పు తడిస్తే కొంప మునిగినట్టే. "తొందరగా కట్టెయ్ అవ్వా!" అన్నాడు భైరన్న. ఆరనియ్యండి అందామని నోరు తెరిచింది. మళ్ళీ సాకంటారని మూసుకుంది. పొగలు కక్కే అన్నమే కట్టిచ్చింది.

బండ్లు కనుమెక్కాయి. అప్పుడు నెత్తి కొట్టుకుంది తిప్పమ్మ. "అయ్యో, నా రోషం మండిపోనూ! పదిమంది నోటికాడి కూడు చెడగొడితినే!" ఇంట్లో ఉన్న గింజలన్నీ వండింది. ఆరబెట్టింది. కట్టింది. గంప నెత్తికెత్తుకుంది. బండ్లది చుట్టుదారి, ఆమెది అడ్డదారి. ఎక్కడా కూర్చోలేదు.

మర్నాడు మధ్యాహ్నం భైరన్న మూట విప్పితే అన్నం తీగ సాగింది, కంపు కొట్టింది. పది మూటలూ అంతే. ఆకలితో తలలు పట్టుకున్నారు. అంతలో రాళ్ళ మధ్య నుంచి తిప్పమ్మ వచ్చింది. కాళ్ళు నెత్తురోడుతున్నాయి.

"తినండి నాయనా. ఇది ఆరిందే."

విప్పారు. మెతుక్కి మెతుకు విడివిడిగా ఉంది. భైరన్న సిగ్గుపడుతూ జరిగి చోటిచ్చాడు.

"కూర్చో అవ్వా. వాన రానేలేదు, తొందరేం లేదు" అన్నాడు.

ఆమె బండిచక్రానికి ఆనుకుని కూర్చుంది. "ఇంటికాడ సంగతులేంటి నాయనా?" అంది.

భైరన్న మొదలుపెట్టాడు. చిన్నకూతురు గడప దాటబోయి పడిందని, ఏడవకుండా నవ్విందని. తిప్పమ్మ ఊఁ కొడుతూ వింది. కాసేపటికి ఊఁ ఆగిపోయింది. ఊపిరీ ఆగిపోయింది. భైరన్నకు అర్థమైంది. అయినా చెప్పడం ఆపలేదు.

ఆ కొండసీమలో ఇప్పటికీ వేడి సద్ది కట్టరు. ఇంట్లో కట్టేవాళ్ళు ఎందరున్నా సరే, ప్రయాణమంటే బియ్యం పట్టుకుని, ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ గడపకే పోతారు. అన్నం ఆరేదాకా కూర్చుంటారు. కొందరైతే ఆరినా లేవరు.