పాలమడుగు దొప్పలు

ఆ ఏడు ఇప్పలకోన అడవిలో ఎండలు తొందరపడ్డాయి. ఇప్పపూలు పూర్తిగా రాలకముందే వాగులు అడుగంటాయి. ఇసుకలో చెలమ తవ్వినా తడి తగలడం లేదు. చివరికి అడవి మొత్తానికి పాలమడుగు ఒక్కటే మిగిలింది.

అడవి పంచాయితీకి పెద్ద కొండమ్మ అనే ముసలి అడవిదున్న. ఆమె అందరినీ పిలిచి, "రోజుకి ఒక్కొక్కరికి ఒక్కసారే. గొంతు తడిసేదాకా తాగండి, వెళ్లిపోండి" అంది. అందరూ సరేనన్నారు. కానీ అడవిపందులు పొద్దున తాగి వెళ్లి, సాయంత్రం మళ్లీ వచ్చి, "పొద్దున వచ్చింది మేం కాదు, మా పెదనాన్న కొడుకులు" అనడం మొదలుపెట్టాయి. పందుల మొహాలు చూసి ఎవరు ఎవరో చెప్పడం ఎవరివల్లా కాలేదు. మడుగు దగ్గర రోజూ తగువులే.

అందుకని కొండమ్మ ఎలుగుబంటి బోడెయ్యని కాపలాకి పెట్టింది. పేరుకి బోడెయ్యే గానీ నెత్తి నుంచి అరికాలి దాకా ఒళ్లంతా జుట్టే. అతని ముక్కు గొప్పది. నిన్న ఏ దారిన ఎవరు నడిచారో ఇవాళ చెప్పగలడు. పైగా నిజాయితీపరుడని పేరు. తేనెపట్టు దింపినా ఈగలకి కొంత వదిలి వచ్చే రకం.

"ప్రతి ఒక్కరూ ఒక వెంట్రుక ఇవ్వండి" అంది కొండమ్మ. "మోదుగు దొప్పలో వేసి బోడెయ్య గుహలో పెడతాం. నీళ్లు తాగినవాళ్ల దొప్ప ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతాడు. మళ్లీ వస్తే పట్టేస్తాడు."

ఉపాయం బాగానే పనిచేసింది. పందుల పెదనాన్న కొడుకులు మాయమైపోయారు. దొప్పలు అందించడానికి, జరపడానికి గంగులు అనే నక్కని సాయం ఇచ్చారు. చురుకైనవాడు, పిలిస్తే పలికేవాడు. వారం తిరక్కుండానే కొండమ్మ దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఒక్క వెంట్రుకతో ఏం తెలుస్తుంది? పిల్లలున్న తల్లికి ఎక్కువ నీళ్లు ఇవ్వాలా వద్దా? ఎంతమంది పిల్లలో మనకి తెలియాలా వద్దా? పిల్లల వెంట్రుకలు కూడా తీసుకుందాం. వాళ్లు పడుకునే చోటి నుంచి గుప్పెడు గడ్డో మన్నో తెమ్మందాం. రేపు అడవికి నిప్పు అంటుకుంటే ఎవరు ఎక్కడున్నారో మనకి తెలిసి ఉండొద్దూ?"

"మంచి ఆలోచనే" అంది కొండమ్మ. బోడెయ్యకీ అలాగే అనిపించింది. ఇంకా ఎక్కువ దొప్పలు, ఇంకా చక్కని వరసలు. సాయంత్రం పూట గుహలో కూర్చుని ఆ వరసలు చూసుకుంటే అతనికి కడుపు నిండినట్టుండేది. అడవి అడవంతా తన చేతిలో భద్రంగా ఉందనుకునేవాడు.

అందరూ తెచ్చిచ్చారు. కుందేలు సూరమ్మ తన పిల్లల నూగుని ఎండుటాకులో చుట్టి తెచ్చింది. "జాగ్రత్త బోడన్నా, ఎగిరిపోద్ది" అంది. ఇవ్వంది ఒక్క దుప్పి మచ్చమ్మే.

"నా వెంట్రుక నీ దగ్గరుంది కదన్నా. పిల్లదెందుకు?"

"పిల్లకి నీళ్ల వాటా కోసం చెల్లెమ్మా."

"అది నీళ్లెక్కడ తాగుతుంది? నా పాలే తాగుతుంది. నాకిచ్చే నీళ్లే దానికి పాలు. వేరే వాటా వద్దులే."

"వాటా వద్దన్నా వివరం ఇవ్వాలి. అది రూలు" అన్నాడు గంగులు పక్కనుంచి.

మచ్చమ్మ అతనికేసి చూడలేదు. బోడెయ్యతోనే మాట్లాడింది. "పుట్టి నాలుగు రోజులైంది అన్నా. లేచి పరిగెత్తలేదు, కొమ్ముల్లేవు, అరవడం కూడా రాదు. దాని ఒంటికి వాసన ఉండదు, అదొక్కటే దానికి దిక్కు. అది పడుకునే గడ్డి తెచ్చి నీ గుహలో పెడితే ఇంక దానికి ఏం మిగిలింది?"

"నా దగ్గర పెడితే నీ ఇంట్లో ఉన్నట్టే. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది."

మిగతాది ఆమె అనలేదు. అనకపోవడమే బోడెయ్యకి గుచ్చుకుంది. ఇన్నేళ్లు నిజాయితీగా బతికిన తనని ఒక ఆడకూతురు అనుమానించినట్టు తోచింది. "అయితే నేనేం చెయ్యలేను. వివరం పూర్తిగా ఇచ్చినవాళ్లకే నీళ్లు" అన్నాడు.

మచ్చమ్మ ఎండిన నాలుకతో వెనక్కి వెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చింది. పొదుగు వాలిపోయి ఉంది. నోట్లో గుప్పెడు నిమ్మగడ్డి. దొప్పలో వదిలింది, తల వంచి నీళ్లు తాగింది, వెళ్లిపోయింది. బోడెయ్య ఆ గడ్డి వాసన చూశాడు. తూర్పు వాలులో, ఎర్రబండ పక్కన. నిమ్మగడ్డి అంత ఘాటుగా ఉండేది అక్కడే. తెలిసిపోయింది. తెలిసినందుకు ఏదోలా అనిపించింది గానీ, దొప్పని వరసలో పెట్టి ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే సూరమ్మ అరుపులు వినిపించాయి.

కొండ అవతల రేచుకుక్కల మంద ఒకటి ఉంది. పంచాయితీకి లోబడని అడవికుక్కలవి. అప్పుడప్పుడు ఇటు వచ్చి వెతుక్కుని, దొరికితే తినేవి, లేకపోతే పోయేవి. కానీ ఈసారి అలా కాదు.

"వెతకలేదు బోడన్నా!" సూరమ్మ రొప్పుతోంది. "ముందు గుమ్మం దగ్గర ఆగనైనా లేదు. నేరుగా వెనక దారికి వచ్చి తవ్వాయి. పిలిచిన చుట్టాల్లాగా వచ్చాయి. నా పిల్లలు..."

మడుగు ఒడ్డున అందరూ తలలు దించుకుని నిలబడ్డారు. నీళ్లు తాగుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు.

అందరూ వెళ్లాక బోడెయ్య గుహలోకి వెళ్లి సూరమ్మ దొప్ప తీశాడు. వెంట్రుకలన్నీ ఉన్నాయి. నూగు ఒక్క పోగు కూడా ఎగిరిపోలేదు. కానీ దొప్ప అంచున ఎండిన చొంగ వాసన. కుక్క చొంగ. బోడెయ్య గంగుల్ని లోపలికి పిలిచాడు.

"గంగులూ, ఈ దొప్ప బయటికి వెళ్లిందిరా."

"ఏదీ?" గంగులు తొంగి చూశాడు. "అన్నీ ఉన్నాయి కదా మామా!"

"వెళ్లి వచ్చింది."

"వెళ్తే మాత్రం ఏమైంది? ఉదాహరణకి అంటున్నాను మామా, ఎవరో చూస్తామన్నారనుకో, చూసి ఇచ్చేశారనుకో. చూస్తే అరిగిపోతాయా?"

బోడెయ్య నేరుగా కొండమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె అంతా విని తల అడ్డంగా ఊపింది. "దొప్ప పోలేదు, వెంట్రుక పోలేదు. నీ ముక్కుకి తగిలిన వాసన నేనెవరికి చూపించను? ఇది బయటికి పొక్కితే రేపు ఒక్కడూ వివరం ఇవ్వడు. నీళ్ల కోసం మళ్లీ కొట్టుకుంటారు. రుజువు తీసుకురా, చూద్దాం."

తిరిగి వస్తూ బోడెయ్య గుహలోంచి మచ్చమ్మ గడ్డి తీసుకున్నాడు. తూర్పు వాలుకి వెళ్లి, దూరంగానే ఆగి పిలిచాడు.

"చెల్లెమ్మా, నీ గడ్డి నీకు ఇచ్చేస్తున్నాను. గంగులు ముక్కు దీని మీద ఇంకా పడలేదు. నేను తప్ప ఎవరూ చూడలేదు."

మచ్చమ్మ బండ చాటునుంచి వచ్చి ఆ గడ్డివైపు చూసింది. "గడ్డి ఇచ్చేశావు. దాని వాసన చూసిన ముక్కుని కూడా ఇచ్చేయగలవా అన్నా?"

బోడెయ్య గడ్డిని బండ మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"నీకు తెలిసిపోయింది. నువ్వు మంచివాడివే, కానీ నీకు తెలిసిపోయింది. ఇక ఈ చోటు మాది కాదు. బిడ్డని ఇంకో చోటికి తీసుకెళ్తాను. ఎక్కడికని మాత్రం అడక్కు."

"అడగను" అన్నాడు బోడెయ్య.

అక్కణ్నుంచి గంగులు జాడ పట్టుకుని అతని బొరియకి వెళ్లాడు. అడవిలో అందరి వివరాలూ దొప్పల్లో ఉన్నాయి గానీ గంగులువి లేవు. పంచాయితీ ఉద్యోగి కదా అని ఎవరూ అడగలేదు. ఉత్తరాన వెదురుపొద కింద ఉంది ఆ బొరియ. గంగులు మడుగు దగ్గరున్నాడు. బోడెయ్య చెయ్యి లోపలికి పెట్టి పరుపు కింది గడ్డి గుప్పెడు లాగాడు. పిలవకుండా ఒకరింట్లో చెయ్యి పెట్టడం అతనికి అదే మొదటిసారి. ఇన్నాళ్లూ అందరి ఇళ్లలోనూ తాను చేసింది ఇదే కదా, వాళ్ల చేతే తెప్పించుకున్నాడు, అంతే తేడా అనుకున్నాడు.

ఆ గడ్డిని మచ్చమ్మ దొప్పలో పెట్టాడు. పైన రెండు నిమ్మగడ్డి పోచలు నలిపి వేశాడు. సాయంత్రం గంగులు రాగానే, "మచ్చమ్మ ఇచ్చింది, చూసుకో. పిల్ల పడుకునే గడ్డి. జాగ్రత్త" అన్నాడు.

"నువ్వు చెప్పాలా మామా" అన్నాడు గంగులు. అతని కళ్లు ఆ దొప్ప మీదే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం, మడుగు దగ్గర వరస కట్టి అందరూ ఉన్న వేళ, గంగులు పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు. తోక సగం చీలికలై ఉంది. చెవి నుంచి నెత్తురు.

"పెద్దమ్మా! రేచుకుక్కలు నా కొంప తవ్వేశాయి! నిద్రలో ఉన్నాను, మీద పడ్డాయి! పిల్లేదీ, పిల్లేదీ అని నన్ను పీకేశాయి! నా ఇల్లు వాళ్లకెలా తెలిసింది? నేనెవరికీ చెప్పలేదే!"

"ఏ పిల్ల?" అంది కొండమ్మ.

"దుప్పి పిల్ల! ఎక్కడో తప్పు జరిగింది. వాళ్లు అడిగారు కూడా, ఇదేదో ఎరిగిన వాసనలా ఉందే అని. దుప్పి పిల్లకి వాసన ఉండదురా, అది నా చెయ్యి తగిలిన వాసన అని నేనే వాళ్లకి..."

అక్కడ ఆగాడు.

"నువ్వే వాళ్లకి?" అంది కొండమ్మ నెమ్మదిగా.

బోడెయ్య ముందుకొచ్చాడు. "పెద్దమ్మా, ఆ దొప్పలో ఉన్నది గంగులు పరుపు గడ్డి. నిన్న నేనే పెట్టాను. నా గుహలోంచి అది తనంతట తాను నడిచి వెళ్లదు. ఎవరి వాసన వాళ్లకి తెలియదు కాబట్టి ఇతను పోల్చుకోలేదు."

గంగులు ఏడుపు మొహం పెట్టాడు. "వేట మిగిలితే ఇంత పారేస్తామన్నారు పెద్దమ్మా. చూసి ఇచ్చేస్తామన్నారు. ఇచ్చేశారు కూడా! ఒక్క వెంట్రుక తగ్గిందేమో చూడండి!"

"నా ఇంట్లో తగ్గాయి" అంది సూరమ్మ.

ఆ మాటతో గంగులు తల వాలిపోయింది. కొండమ్మ అతన్ని పనిలోంచి తీసేసింది. నీళ్లు ఆపాలని పందులు కేకలేశాయి. ఆమె ఒప్పుకోలేదు. "దాహంతో ఎవర్నీ చంపించను. వరసలో చివర నిలబడతాడు, తాగుతాడు, పోతాడు" అంది. తర్వాత బోడెయ్యవైపు తిరిగి, "గుహకి గట్టి కాపలా పెడదాం. కోతుల్ని ఇద్దర్ని..." అని మొదలుపెట్టింది.

"కాపలా ఎందుకు పెద్దమ్మా?" అంది మచ్చమ్మ. ఆమె కూడా వరసలోనే ఉంది. "కాపలా పెట్టాల్సింది అక్కడ ఉండనే వద్దు. మీకు కావలసిందేమిటి? ఇవాళ తాగినవాడు ఇవాళే మళ్లీ తాగకూడదు, అంతే కదా. తాగగానే నుదుటి మీద ఇంత మడుగు బురద పూయండి. బురద ఉంటే తాగినట్టు. రేపటికి ఎండి రాలిపోతుంది. వాడెవడో, ఎక్కడ పడుకుంటాడో మీకెందుకు?"

కొండమ్మ మడుగు అంచున బురదని గిట్టతో కదిపి చూసింది. "ఇంత సులువైంది మాకెందుకు తట్టలేదు?" అంది.

"మీకు పోగేసి దాచుకోవడానికి గుహ ఉంది కాబట్టి" అంది మచ్చమ్మ.

బోడెయ్య ఒక్కడే దొప్పలన్నీ మోసుకుని కొండ అంచుకి వెళ్లి గాలికి వదిలేశాడు. వెంట్రుకలు, ఈకలు, గడ్డిపోచలు ఎటు పోయినవి అటు పోయాయి. చివరి దొప్ప ఒంపబోతుంటే వెనక సూరమ్మ నిలబడి ఉంది.

"అది నాది. నాకివ్వన్నా. వాళ్లది అంతకంటే ఏమీ మిగల్లేదు."

బోడెయ్య దొప్పని రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. సూరమ్మ అందులోని నూగుని ఎండుటాకులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి మడుగు దగ్గర అందరి నుదుటా బురద బొట్లే. పందులకి బురద కొత్త కాదు కాబట్టి వాటికి మాత్రం ఎర్రమట్టి పూయాల్సి వచ్చింది. వరస చివర గంగులు వచ్చాడు. ఒళ్లు తడిసి ఉంది, కాళ్లకి మడుగు మూలల్లో పెరిగే జమ్ముగడ్డి అంటుకుని ఉంది. ఇప్పుడు అతను ఏ మూల తలదాచుకుంటున్నాడో బోడెయ్య ముక్కుకి ఇట్టే అందింది. పందులు గుసగుసలాడాయి, "ఎక్కడుంటున్నాడో కనుక్కో బోడన్నా!"

"నాకు తెలియదు, కనుక్కోను" అన్నాడు బోడెయ్య. గంగులు నుదుటికి బురద రాసి, తర్వాతివాళ్లు ఎవరూ లేరు కాబట్టి చెయ్యి కడుక్కున్నాడు.

నీతి: పాలించేవాళ్లు పనికి కావలసినంతే అడగాలి, పని తీరగానే మరచిపోవాలి.