పుల్లేటి వారి పెరట్లో పికిలిపిట్ట

మొగలిమడుగులో తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊళ్ళో వాళ్ళు నవ్వి ఊరుకుంటారు గానీ, పుల్లేటి వారిని అడిగితే మాత్రం తడుముకోకుండా మాదే అంటారు. ఈ కథ చెబుతున్న వాళ్ళ ఇంటిపేరు కూడా పుల్లేటే కాబట్టి మీరు కాస్త మెల్లిగా నవ్వుకోండి.

ఆ ఇంట్లో పెద్దవాడు సూర్రావు. అతని భార్య మంగాయమ్మ, తమ్ముడు పోతురాజు, తల్లి అచ్చియ్యమ్మ. వాళ్ళ తెలివికి సాక్ష్యం కావాలంటే పెరడు చూస్తే చాలు. పెరట్లో చెట్లుంటే ఆకులు రాల్తాయి, ఊడవాలి. పురుగులు పడతాయి, ఏరాలి. ఈ బాధంతా ఎందుకని సూర్రావు ఒకరోజు అరుగు మీద కూర్చుని గట్టిగా ఆలోచించాడు. అంతే, గోరింట పొద నరికించి, పెరడంతా సిమెంటు చేయించి, గోడ పొడుగునా ప్లాస్టిక్ పూలతీగలు కట్టించాడు. వీటికి నీళ్ళు పొయ్యక్కర్లేదని కొట్టువాడు చెప్పాడు. అయినా అన్నదమ్ములిద్దరూ వంతులేసుకుని రోజూ పోసేవారు. ఎవరో కొట్టువాడు చెప్పాడని పూలు ఎండబెట్టుకుంటామా అని పోతురాజు వీధిలో వాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆ గోరింట పొదలో ఒక పికిలిపిట్ట ఉండేది. పొద పోయింది, పిట్టా పోయింది. పొద్దున్నే ఆ పిట్ట కూత వింటూ కాఫీ తాగడం అచ్చియ్యమ్మకి నలభై ఏళ్ళ అలవాటు. "అది పలికిందాకా కాఫీ ముట్టను" అని చెప్పి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. కాఫీ ఒక్కటే మానేస్తే బాగుండును, కొడుకుల్ని తిట్టడం కూడా మానేసింది. నలభయ్యో ఏడు దాటినా పొద్దున లేచి "ఒరే దున్నపోతా" అనే పిలుపు వింటే గానీ సూర్రావుకి తెల్లారేది కాదు. పది రోజులు తిట్లు లేకపోయేసరికి అతనికి దిగులు పట్టుకుంది. అమ్మ దక్కదేమోనని మంగాయమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఊరి బళ్ళో మొక్కల పాఠాలు చెప్పే హైమావతి టీచరుని పిలుచుకొచ్చారు. ఆవిడ సిమెంటుని చూసింది, తడిసి కారుతున్న ప్లాస్టిక్ పూలని చూసింది.

"ఇదంతా పగలగొట్టి మన ఊరి మొక్కలు పెట్టండి సూర్రావుగారూ. బలుసు, తంగేడు, కరివేపాకు. వాటి పళ్ళకీ, వాటి మీద పురుగులకీ పిట్టలు వాటంతటవే వస్తాయి."

సిమెంటు పగలగొట్టడం చక్కగా జరిగిపోయింది. తంగేడూ కరివేపాకూ ఊళ్ళోనే దొరికాయి. బలుసు దగ్గరే వచ్చింది చిక్కు. ఉన్న ఒక్క బలుసు చెట్టూ పొలిమేర రాయికి ఎనిమిది అడుగులు అవతల, ఉలవపాలెంలో ఉంది.

"టీచరుగారు మన ఊరి మొక్క అన్నారు. ఇది ఉలవపాలెం మొక్క. పెడితే అమ్మ పిట్ట దాని మీద వాలదు" అన్నాడు సూర్రావు.

"చెట్టుని ఇవతలికి లాగుదామా అన్నయ్యా?"

"చెట్టుకి వేళ్ళుంటాయిరా. రాయికుంటాయా?"

ఆ మాటకి పోతురాజు అన్నగారికి దణ్ణం పెట్టాడు. ఇంకేముంది, మిట్టమధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుండగా ఇద్దరూ పొలిమేర రాయిని పెకలించి, ఎందుకైనా మంచిదని పాతికడుగులు అవతల పాతారు. బలుసు చెట్టు మొగలిమడుగుకి వచ్చేసింది. దాంతోపాటు ఉలవపాలెం సర్పంచి గారి వంటిల్లు కూడా వచ్చేసింది. పడగ్గది మాత్రం ఉలవపాలెంలోనే ఉండిపోయింది.

సాయంత్రం అన్నదమ్ములింకా చెట్టు దగ్గరుండగానే సర్పంచి నలుగుర్ని వెంటేసుకుని కర్రల్తో వచ్చాడు. సూర్రావు ఏమీ కంగారు పడలేదు.

"మీ వంటిల్లు మాకెందుకండీ. మాకు మా వంటిల్లుంది. చెట్టు మా ఊళ్ళో ఉండగా మూడు పిలకలు తవ్వుకున్నాం, అవి మా ఊరివే కదండీ. ఇంక రాయి మీరు పట్టికెళ్ళిపోండి" అని రాయిని మళ్ళీ పెకలించి మర్యాదగా సర్పంచి భుజం మీద పెట్టాడు. ఆయన నడుం పట్టేసింది. దెబ్బలాడ్డానికి కూడా లేకుండా, రాయినీ ఆయన్నీ కలిపి నలుగురూ మోసుకుపోయారు.

వానలు పడ్డాయి. మొక్కలు నాటుకున్నాయి. కరివేపాకు మీద పదకొండు ఆకుపచ్చ పురుగులు కనిపించాయి. మందు కొడదామా అని మంగాయమ్మ టీచరుని అడిగింది.

"అయ్యో, కొట్టకండి. అవే రేపు సీతాకోకచిలుకలు. కొన్ని పిట్టలకి తిండి. ఇంటికొచ్చిన చుట్టాలనుకుని తిననివ్వండి."

మంగాయమ్మ పట్టింపున్న మనిషి. చుట్టాలొస్తే పచ్చి ఆకు తినమనడం ఆవిడ పుట్టింట గానీ మెట్టింట గానీ లేదు. పదకొండు విస్తళ్ళు వేసింది. పప్పు, పులిహోర, అప్పడం వడ్డించి, ఒక్కో విస్తరి ముందు ఒక్కో పురుగుని దింపింది. పోతురాజు నెయ్యి గిన్నెతో వెనకాలే తిరిగాడు. పురుగులు విస్తరి దాటి అటు వెళ్ళిపోవడం మొదలెట్టాయి.

"మొహమాటం వదినా. మొదటిసారి కదా" అన్నాడు పోతురాజు.

"మొహమాటం కాదు. వాటికి కరివేపాకంటే ఇష్టం. మనం పప్పులో రెండు రెబ్బలే వేశాం" అంది మంగాయమ్మ.

అంతే, మొక్కనున్న ఆకంతా దూసి, నేతిలో ఘుమఘుమలాడేలా వేయించి తెచ్చింది. పురుగులు వాసన కూడా చూడలేదు. ఇప్పుడు మొక్కకి ఆకు లేదు, పురుగులకి తిండి లేదు, పిట్టకి పురుగు లేకుండా పోయేలా ఉంది. గదిలో అచ్చియ్యమ్మ మూలుగు వినిపించింది.

వెనకటికి చదువుకునే పిల్లలు రోజుకో ఇంట్లో వారాలు చేసుకుని బతికేవారని సూర్రావుకి గుర్తొచ్చింది. పురుగుల్ని తామరాకులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "సోమవారం మీ ఇంటండి. ఏ లోటూ చెయ్యకండి. మీ కరివేపాకు మీద వదిలి పొద్దు గూకాక తీసుకెళ్తాను" అని చెప్పాడు. ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది గానీ, కాదన్న ఇల్లు లేదు. శనివారం నాటికి పురుగులు బొటనవేలంత అయ్యాయి. ఆ కబురు విని హైమావతి టీచరు మెచ్చుకుంది కూడా. పుల్లేటి వంశంలో మెప్పు పొందిన పని అదొక్కటే. అదీ పొరపాటున జరిగింది.

"ఇంక ఒక పళ్ళెంలో నీళ్ళు పెట్టండి. పిట్టలు తాగుతాయి, స్నానం చేస్తాయి" అందావిడ వెళ్తూ.

స్నానమనేసరికి మంగాయమ్మ వేడినీళ్ళు కాచింది. సున్నిపిండి కలిపింది. పాత తువ్వాలు జానెడు జానెడు ముక్కలు చేసి దండెం మీద ఆరేసింది. ఎంతైనా స్నానం కదా అని చుట్టూ చీర అడ్డం పట్టుకుని, ముగ్గురూ మొహాలు అటు తిప్పుకుని నిలబడ్డారు. రెండు పిచ్చుకలు వచ్చి, పొగలు కక్కుతున్న పళ్ళేన్ని చూసి, వచ్చినంత జోరుగా వెళ్ళిపోయాయి.

ఏడాది తిరిగింది. బలుసు నడుమెత్తు ఎదిగి కాయలు పట్టింది. పికిలిపిట్ట మాత్రం గోడ మీద వాలడం, ఈ ముగ్గుర్నీ చూసి ఎగిరిపోవడం. మళ్ళీ టీచరుని అడిగారు.

"మీరంతా అలా పొద చుట్టూ నిలబడితే ఎలా వస్తుందండీ? పెరట్లో మనిషన్నవాడు ఉండకూడదు."

ఇంకేముంది, ఇంటికి తాళం వేశారు. అమ్మని మంచంతో సహా ఎత్తి ఊరి చివర వంతెన దగ్గర దింపారు. కర్టెన్లు, కుంపటి, పప్పుడబ్బాలు అన్నీ అక్కడికే చేర్చారు. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున టీచరు సైకిల్ మీద ఆయాసపడుతూ వచ్చింది.

"మీ బలుసు పొదలో పికిలిపిట్ట గూడు కడుతోంది. కూత వీధిలోకి వినిపిస్తోంది. మీరిక్కడేం చేస్తున్నారు?"

అచ్చియ్యమ్మ ఏడాది తరవాత లేచి కూర్చుంది. "ఒరే, నన్ను తీసికెళ్ళండ్రా" అంది.

"ఎలాగమ్మా? మనిషన్నవాడు ఉండకూడదంట" అన్నాడు సూర్రావు. ఆ మాట అంటుంటే అతనికే ఏడుపొచ్చింది.

"కన్నది నేనే కదరా, ఇంకెవర్ని అంటాను" అని అచ్చియ్యమ్మ మళ్ళీ వాలిపోయింది.

సూర్రావు వంతెన గోడ మీద కూర్చుని తల పట్టుకున్నాడు. మనిషి ఉండకూడదు. అమ్మ ఉండాలి. చాలాసేపు ఆలోచించాడు. పరమానందంగా లేచాడు.

ఆ మధ్యాహ్నం అమ్మని మంచంతో సహా మళ్ళీ పెరట్లోకి మోసుకొచ్చి, మంచం నాలుగు కాళ్ళకీ నాలుగు గోతులు తీశారు. మంచం పాతి, చుట్టూ పాదు చేసి, అచ్చియ్యమ్మ మీద తంగేడు కొమ్మలు, బలుసు రెమ్మలు మొహం ఒక్కటీ వదిలేసి కప్పారు. పోతురాజు పాదుకి రెండు బిందెల నీళ్ళు పోశాడు. "కదలకమ్మా, కొత్తగా నాటుకున్నావు" అని చెప్పి ముగ్గురూ ఇంట్లో దూరి, తలుపు సందులోంచి చూడసాగారు.

పికిలిపిట్ట వచ్చింది. బలుసు మీద వాలింది. అక్కణ్ణించి మంచం మీది తంగేడు కొమ్మ మీదకి గెంతింది. అటూ ఇటూ చూసి, అచ్చియ్యమ్మ మొహానికి మూరెడు దూరంలో గొంతు విప్పి కూసింది. ముసలావిడ కళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయింది. చెంపల మీంచి నీళ్ళు కారాయి. పిట్ట కూత ఆపి గూటికి వెళ్ళాక మెల్లిగా పిలిచింది.

"ఒరే దున్నపోతా, కాఫీ పట్రా."

ఆ పిలుపు వినేసరికి సూర్రావుకి ప్రాణం లేచొచ్చింది. మంగాయమ్మ చిక్కటి పాలతో కాఫీ కలిపింది. సూర్రావు పొగలు కక్కే గ్లాసు పట్టుకుని మునివేళ్ళ మీద పెరట్లోకి వెళ్ళాడు. అమ్మ నోరు తెరిచింది. అతను తల అడ్డంగా ఊపి, మొక్కగా ఉన్నప్పుడు పైనించి పొయ్యకూడదమ్మా అని గుసగుసగా చెప్పి, వంగి, ఒక్క చుక్క అటూ ఇటూ పోకుండా కాఫీ అంతా మంచం కాళ్ళ మొదట్లో పోశాడు.