వాలుగకు పొలుసులు ఎందుకు లేవు?

ఒకప్పుడు వాలుగ చేపకు ఒళ్ళంతా వెండి పొలుసులు ఉండేవి. ఇప్పుడు చూస్తే నున్నటి ఒళ్ళు, ఇంత పెద్ద నోరు తప్ప ఏమీ లేదు కదా, అప్పుడు అలా కాదు. అది ఒక్కసారి పక్కకు తిరిగిందంటే మడుగంతా మెరుపు మెరిసినట్టు ఉండేది.

ఆ రోజుల్లో కొండల మధ్య పారే ఏరు మాట్లాడేది. మాట్లాడితే బాగానే ఉండును గానీ లెక్కలు కూడా వేసేది. దోనె వేసుకుని ఎగువ మడుగుకు చేపలకు వెళ్ళే ప్రతివాడికీ ఏరు ఒకటే షరతు పెట్టింది. మొదట పడ్డ చేపను పైకెత్తి ఆకాశానికి చూపించాలి, చూపించి నీళ్ళలో వదిలెయ్యాలి. దాని ఒంటిమీద ఒక్క పొలుసు కూడా తగ్గకూడదు. తగ్గిందా, దోనె వెనక్కి వెళ్ళదు, దోనెలోని మనిషీ వెళ్ళడు.

ఆ మడుగులో మొదటి చేపగా పైకి వచ్చే వంతు పెద్ద వాలుగది. పాపం, ప్రతి ఏడూ ఆ గండం దానిదే.

కొండకింద గూడెంలో ఉంగయ్య అని ఒకడుండేవాడు. మంచివాడే, కాస్త బడాయి ఎక్కువ. ఆ గూడెం మగవాళ్ళకి ఒక పిచ్చి పట్టింపు ఉండేది. చేపను పొడిచేత్తోనే పట్టాలి, తడిచేత్తో పట్టేవాడికి పట్టు లేదని నవ్వేవాళ్ళు. ఒకరోజు ఎగువ మడుగుకు వెళ్ళి ఉంగయ్య కూడా చేతులు పంచెకు తుడుచుకుని మరీ వాలుగను గట్టిగా పట్టి ఎత్తాడు. ఒక పొలుసు ఊడి అరచేతికి అంటుకుంది. అంతే, ఏరు లేచింది. దోనెను లాక్కుపోయి, ఉంగయ్యను మడుగు నడుమ ఉన్న బండమీద కూర్చోబెట్టి, చుట్టూ సుడులు తిప్పింది.

ఈ కబురు లకుముకిపిట్ట ఎగిరొచ్చి ఉంగయ్య భార్య జోగమ్మకు చెప్పింది. ఎవరైనా వచ్చి మొదటి చేపను లెక్క తప్పకుండా చూపిస్తే మనిషిని వదులుతానని ఏరు మాట ఇచ్చిందట. తొలకరి పడేలోపు రావాలట. వానపడితే బండ మునిగిపోతుంది.

జోగమ్మ తలెత్తి చూసింది. పడమట మబ్బు నల్లగా పట్టి ఉంది. ఆమెకు భయం వేసింది. అయినా ఇంట్లో కూర్చుంటే మొగుడు తిరిగి రాడు కదా. చేత్తో పడితే పొలుసు ఊడుతుంది, అందుకని చేపను ఎత్తడానికి పిడివల కావాలి. గాలానికి పడ్డ చేపను నీళ్ళలోంచి ఎత్తడానికి పిడికి కట్టుకునే చిన్న సంచి లాంటి వల అది.

గూడెంలో ఉన్న పిడివలకు మనిషంత పొడుగు పిడి. ఎగువ మడుగుకు వెళ్ళాలంటే రాళ్ళ మధ్య నీళ్ళు దూకే చోట దోనెను గట్టెక్కించి, పొదల్లోంచి ఈడ్చుకుపోవాలి. ఆ పిడి ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది. జోగమ్మ దాన్ని గోడకు ఆనించి వదిలేసింది.

వలకు దారం ఇమ్మని సాలీడును అడిగితే, నా దారం కంటే సన్నది లోకంలో లేదు తీసుకో అంది. జోగమ్మ వేలు పెట్టి చూసింది. వేలు అంటుకుపోయింది. వేలే రాకపోతే పొలుసు వస్తుందా? దానికో దండం పెట్టి కదిలింది. ఆఖరికి తానే వెదురు బద్ద వంచి, మూరెడు పిడి కట్టి, నారతో లోతు తక్కువ వల అల్లుకుంది. వీపుకు తగిలించుకుంటే బరువు తెలియలేదు. అంతా బాగానే ఉంది గానీ ముడులు గరుకుగా ఉన్నాయి. చెంపకు రాసుకుంటే చెంప మండింది.

ఏడుపొచ్చి ఆమె బంక కారే తపసిచెట్టు మొదట్లో కూలబడింది. చెట్టు జాలిపడింది. నా బంక నీళ్ళలో నానెయ్యి, ఉబ్బి జారుగా అవుతుంది, ముడులకు దట్టంగా పట్టించు అని చెప్పింది. జోగమ్మ అలాగే చేసి మళ్ళీ చెంపకు రాసుకుంది. ఈసారి చల్లగా జారిపోయింది.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గూడెంలోని ఇంకో దోనె తోసింది. కొండలు రెండుపక్కలా దగ్గరకొచ్చేశాయి. వెలుగు తగ్గిపోయింది. తెడ్డు వేసిన ప్రతిసారీ కింద ఏదో కదిలినట్టుండేది. ఏరు మాట్లాడటం లేదు. మాట్లాడితే అంత భయం వేసేది కాదు, మాట్లాడకుండా చూస్తూ ఉండటమే భయం.

ఎగువ మడుగులో బండమీద ఉంగయ్య మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని ఉన్నాడు. బడాయి ఎటుపోయిందో, భార్యను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీళ్ళు అప్పటికే అతని పాదాలకు తగులుతున్నాయి. కొండమీద ఉరిమింది.

జోగమ్మ గాలం వేసింది. పెద్ద వాలుగ పడింది. ఆమె ముందు చేతులు తడుపుకుంది, వల తడుపుకుంది, మెల్లగా చేప కిందకు పోనిచ్చి పైకెత్తింది. ముడి గుచ్చుకోలేదు, పొలుసు ఊడలేదు. దాన్ని ఆకాశానికి చూపించింది.

ఏరు లెక్కపెట్టింది. చాలాసేపు లెక్కపెట్టింది.

"ఒకటి తక్కువ" అంది.

ఉంగయ్య చేతికి ఊడిన పొలుసు ఇంకా మొలవలేదు, ఆ చోటు ఖాళీగానే ఉంది. తన వల వల్ల పోలేదని జోగమ్మ వేడుకుంది. ఎవరివల్ల అన్నది నేను అడగను, లెక్క తక్కువ అంది ఏరు. దోనె చుట్టూ నీళ్ళు గోడలా లేచాయి. మొదటి చినుకు ఆమె చేతిమీద పడింది. ఉంగయ్య నడుము దాకా మునిగాడు. జోగమ్మ కళ్ళు మూసుకుంది. వలను మాత్రం ఒరగనివ్వలేదు, చేపకు దెబ్బ తగులుతుందని.

అప్పుడు వలలోంచి వాలుగ మాట్లాడింది.

"ఇన్నేళ్ళుగా ఇంతమంది నన్ను ఎత్తారు. నాకు నొప్పి పుడుతుందేమో అని చూసింది నువ్వొక్కదానివే, తల్లీ. ఈ పొలుసులు ఉన్నన్నాళ్ళూ నీకూ భయమే, నాకూ భయమే. బతికుంటే బలుసాకు తినొచ్చు."

అని ఒళ్ళు విదిలించింది. ఒక్కసారి కాదు, ఉన్న బలమంతా పెట్టి విదిలించింది. వెండి పొలుసులన్నీ రాలి మడుగులో పడి సుడిలో కొట్టుకుపోయాయి. పచ్చి ఒళ్ళు ఎర్రగా మిగిలింది.

"ఇప్పుడు లెక్కపెట్టు" అంది వాలుగ.

ఏరు లెక్కపెట్టబోయింది. లెక్కపెట్టడానికి ఒక్కటి కూడా లేదు. ఒక్కటీ లేనిచోట ఒకటి తక్కువని ఎలా అంటుంది? ఎంత కోపమున్నా ఇచ్చిన మాట తప్పలేక సుడులు విప్పింది. ఉంగయ్య ఈదుకుంటూ వచ్చి దోనె పట్టుకున్నాడు.

జోగమ్మ వలకున్న బంకంతా వేళ్ళతో తీసి వాలుగ పచ్చి ఒంటికి పూసింది. పూస్తూ ఏడ్చింది. త్వరగా వదులమ్మా, ఏరు నన్ను మరిచిపోదు అంది వాలుగ. ఆమె వల దించగానే అది వెలుగు చొరని అడుగుకు పోయి, బురదలో దూరిపోయింది.

అప్పటినుంచే వాలుగకు పొలుసులు లేవు, దాని ఒళ్ళు ఎవరి చేతికీ చిక్కకుండా జారిపోతుంది. అప్పటినుంచే అది పగలంతా మడుగు అడుగున బురదలో దాక్కుంటుంది. పైన ఏరు ఇప్పటికీ పారుతూనే ఉంది, దాన్ని వెతుకుతూనే ఉంది.